కొల్లేటి పక్షుల కోసం కెమెరా బాడీ మార్చాలా, లెన్స్ మార్చాలా? డి7000 ఉంది, 60 వేలు ఉన్నాయి

కొల్లేటి_గట్టు
నాది నికాన్ డి7000. 2012లో కొన్నా. దాంతో వచ్చిన 18-105 ఎంఎం లెన్స్, రెండేళ్ళ తర్వాత చేర్చుకున్న 70-300 వీఆర్ (చెయ్యి వణుకుని తగ్గించే ఏర్పాటున్న లెన్స్), ఇవే నా ఆస్తి. బడి లేని రోజున తెల్లారకముందే బండేసుకుని కొల్లేటి ఒడ్డున ఆటపాక పక్షి కేంద్రానికి పోతా. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు బాగా దగ్గరికే వస్తాయి. కానీ ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే ఈకలు ఈకల్లా ఉండవు, తడిసిన దూదిలా ఉంటాయి. లకుముకి పిట్టయితే ఫ్రేమ్‌లో చింతగింజంత కనబడుతుంది.

ఏడాదిగా దాచిన 60 వేలు చేతిలో ఉన్నాయి. మొన్న విజయవాడలో ఒక షాపుకి వెళ్తే "డీఎస్‌ఎల్‌ఆర్ కాలం అయిపోయింది సార్, లోపల అద్దం ఉండే ఇవన్నీ ఇచ్చేసి అద్దం లేని మిర్రర్‌లెస్ తీసుకోండి" అని నా సామాను మొత్తానికీ 14 వేలు కట్టాడు. ప్రాణం ఉసూరుమంది. పదమూడేళ్ళుగా చేతిలో ఉన్న కెమెరా అది.

ఇంకో సంగతి. మాఘమాసంలో మేనకోడలి పెళ్ళి. ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకున్నారు గానీ ఇంట్లోవాళ్ళ ఫోటోలు నన్నే తీయమంటున్నారు. మండపంలో లైట్లు ఎలా ఉంటాయో మీకు తెలిసిందే.

బాడీ మార్చాలా, లెన్స్ మార్చాలా? రెండూ మార్చే స్తోమత లేదు.

గాజుపిచ్చోడు
లెన్స్. ఆలోచించకుండా లెన్స్. బాడీ అయిదేళ్ళకి పాతబడుద్ది, మంచి గాజు ఇరవై ఏళ్ళు ఉంటది. నికాన్ 200-500 ఎఫ్5.6 (ఎఫ్ నెంబరు తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ) సెకండ్ హ్యాండ్‌లో వెతుకు.

ఓరుగల్లు_షట్టర్
గట్లెట్ల అంటవన్నా? డి7000 వచ్చింది 2010ల. ఫోకస్ పట్టే పాయింట్లు 39, అండ్ల అడ్డం నిలువు రెండూ పట్టే క్రాస్ టైపువి 9. ఎగిరే పిట్టెనుక ఉరకాలంటె సాలది. నేను 2021ల డి500 పాతది తీస్కున్న. 153 పాయింట్లు, సెకనుకు 10 ఫోటోలు. నా దగ్గర గదే పాత 70-300 ఉండె. గదే లెన్స్‌తోని పాకాల చెరువు కాడ బాతులు ఎగురుతుంటె తీసిన. మునుపు పదింట్ల రెండు నిలిస్తె ఇప్పుడు పదింట్ల ఏడు నిలుస్తున్నయ్. బాడీ మార్చితె ఏం రాదనకు.

గాజుపిచ్చోడు
@ఓరుగల్లు_షట్టర్ ఎగిరేవాటికి నువ్వన్నది నిజమే, ఒప్పుకుంటా. కానీ మాస్టారి బాధ కూర్చున్న పిట్ట మీద కదా. గూడబాతు పడవ పక్కన నిలబడి ఉంటే 39 పాయింట్లు ఎందుకు, ఒక్కటి చాలు.

ఫ్లైట్‌లో_బావ
డల్లాస్‌లో ఉంటా. సోనీ ఏ6700, 200-600 వాడుతున్నా. లెన్స్ ఒక్కటే 2,115 గ్రాములు, కానీ జూమ్ తిప్పితే గొట్టం బయటికి రాదు, బ్యాలెన్స్ మారదు. పక్షి కన్ను దానంతట అదే పట్టుకుంటుంది. షాపాయన చెప్పిన తీరు బాలేదు గానీ మిర్రర్‌లెస్ మాట మాత్రం తప్పు కాదు.

కొల్లేటి_గట్టు
బావా, ఆ రెంటికీ కలిపి నా ఏడాది జీతంలో సగం పోతుంది.

పాలపిట్ట77
మాస్టారూ, ఒక్క ఫోటో వివరాలు పెట్టండి. ఏ మోడ్, షట్టర్ ఎంతసేపు తెరుచుకుంది, అపెర్చర్ (ఎఫ్ నెంబరు) ఎంత, ఐఎస్ఓ (వెలుతురుని పట్టే చురుకు) ఎంత, ఎన్ని గంటలకి తీశారు? అవేవీ చూడకుండా అందరూ కొనమనే చెప్తున్నారు.

కొల్లేటి_గట్టు
అక్కా, నిన్నటి ఎర్రకాళ్ళ కొంగది: 300 ఎంఎం, ఎఫ్5.6, 1/200 సెకను, ఐఎస్ఓ 400. పి మోడ్, అంటే షట్టరూ అపెర్చరూ కెమెరానే ఎంచుకుంది. ఉదయం 10:20. పడవలోంచి, చేత్తోనే.

పాలపిట్ట77
సగం జబ్బు ఇక్కడే దొరికింది.

మీ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి 300 ఎంఎంని 1.5తో గుణించాలి, 450. చేత్తో పట్టుకుంటే షట్టర్ కనీసం 1/500 ఉండాలన్నది పాత లెక్క. వీఆర్ ఉంది కదా అంటారేమో. వీఆర్ మీ చెయ్యి వణకడాన్ని ఆపుతుంది గానీ కొంగ మెడ తిప్పడాన్ని ఆపదు. పైగా పడవ. నేను మంజీర దగ్గర గట్టు మీద కూర్చుని కూడా 1/1000కి తగ్గను. షట్టర్ మనమే ఎంచుకునే ఎస్ మోడ్ పెట్టి, ఆటో ఐఎస్ఓ ఆన్ చేసి, పైకి 3200 దాకా వదిలేయండి. గ్రెయిన్ వస్తే తీసేయొచ్చు, కదిలిన ఈకని ఎవరూ నిలబెట్టలేరు.

రెండోది, 10:20. చెరువు గట్ల మధ్య ఆ వేళకి ఎండ సెగ మొదలైపోతుంది. వేడెక్కిన గట్టు మీద గాలి ఒక రకంగా, నీళ్ళ మీద గాలి ఇంకో రకంగా ఉంటుంది. ఆ పొరల గుండా వచ్చే వెలుతురు వంకర్లు పోతుంది. వేసవిలో తారురోడ్డు మీద దూరంగా నీళ్ళలా ఊగుతూ కనిపిస్తుందే, అదే. లక్షలు పోసి కొన్న లెన్స్ కూడా అందులోంచి ఈకలు తీయలేదు, ఇంకా పెద్దగా ఊగుతూ చూపిస్తుందంతే. ఏడున్నరకి తీసినదీ పదిన్నరకి తీసినదీ ఒకేచోటివి పక్కపక్కన పెట్టి చూడండి.

ఎఫ్_ఎనిమిది
అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఎండ సెగని లెన్స్ లోపం అనుకుని రెండు లెన్సులు అమ్ముకున్నవాణ్ణి నేను.

తెనాలి_స్టూడియో
గట్టు మాస్టారూ, ఆ 70-300 ముందు ఫిల్టర్ ఉందా?

కొల్లేటి_గట్టు
ఉందండి. యూవీ ఫిల్టర్. గీతలు పడకుండా. 18-105 కొన్నప్పుడు షాపులో 250కి ఇచ్చారు. రెంటికీ 67 ఎంఎం సైజే కాబట్టి దీనికి మార్చుకున్నా.

తెనాలి_స్టూడియో
అది ముందు తీసి పక్కన పెట్టండి.

నేను 1984 నుంచి స్టూడియో నడిపినవాణ్ణి. లెన్స్ ముందు కిటికీ అద్దంలాంటి గాజు పెట్టుకుని పిట్ట ఈకలు రాలేదని బాధపడేవాళ్ళని చాలామందిని చూశాను. 18-105 మీద పెట్టి ఇంట్లో ఫోటోలు తీస్తే తేడా తెలియదు. 300 దగ్గర మాత్రం గాజులో ఉన్న ప్రతి చిన్న వంపూ పెద్దదై కూర్చుంటుంది. గీతల భయమైతే లెన్స్ హుడ్ పెట్టుకోండి. దెబ్బలూ కాస్తుంది, పక్క నుంచి కొట్టే ఎండనీ కాస్తుంది.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. వరండా చివర గోడకి దినపత్రిక అంటించండి. పది మీటర్ల దూరంలో బల్ల మీద బియ్యం సంచి, దాని మీద కెమెరా. వీఆర్ ఆపేయండి. సెల్ఫ్ టైమర్ పెట్టండి. ఫిల్టర్‌తో ఒకటి, తీసేసి ఒకటి. ఎఫ్5.6 దగ్గర ఒకటి, ఎఫ్8 దగ్గర ఒకటి. వ్యూఫైండర్లో ఫోకస్ చేసి ఒకటి, లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ, ఫోకస్ చేసి ఒకటి. లైవ్ వ్యూలో అక్షరాలు కొట్టొచ్చినట్టు ఉండి, వ్యూఫైండర్‌తో తీసినవి మసకగా ఉంటే ఫోకస్ ముందుకో వెనక్కో పడుతోందని లెక్క. డి7000 మెనూలో దాన్ని సరిచేసుకునే ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ఉంది. దానికి పైసా ఖర్చు లేదు.

ఓరుగల్లు_షట్టర్
బాబాయ్ వచ్చిండంటె ఇగ పరీక్షలే 😀 మాస్టార్లకే పరీక్ష వెట్టిండు.

పిక్సెల్_పిన్ని
నా గొడవ వేరే. మణికట్టు నొప్పి వచ్చాక 200-500 అమ్మేశా. లెన్సే 2,300 గ్రాములు, బాడీతో కలిపి మూడు కిలోలు. ఉప్పలపాడులో రెండు గంటలు పట్టుకుంటే ఆ రాత్రి చపాతీ పిండి కలపలేకపోయేదాన్ని. ఇప్పుడు కెనాన్ ఆర్10, ఆర్‌ఎఫ్ 100-400. రెండూ కలిపి కిలో మీద 64 గ్రాములు. భుజానికి తగిలించుకుని పొలాలన్నీ తిరుగుతున్నా. ఇంట్లో కూర్చున్న పెద్ద లెన్స్ కంటే చేతిలో ఉన్న చిన్న లెన్స్ నయం.

గాజుపిచ్చోడు
పిన్నీ, అది 400 దగ్గర ఎఫ్8 కదా. తెల్లారగట్ల ఏం కనబడుద్ది?

పిక్సెల్_పిన్ని
ఐఎస్ఓ 6400 దాకా పోతుంది, నిజమే. నాయిజ్ తీసే సాఫ్ట్‌వేర్ వాడతా. ఏడింటి తర్వాత బాధ లేదు. ఆరింటికి తీసేవాటికి మాత్రం నీ మాటే నిజం, అక్కడ పెద్ద లెన్స్ ముందు ఇది నిలవదు.

జూమ్_రాజా
ఇంత గొడవెందుకు, నికాన్ పీ1000 తీసుకోండి. 3000 ఎంఎం. చంద్రుడి మీద గుంటలు లెక్కపెట్టొచ్చు.

ఎఫ్_ఎనిమిది
@జూమ్_రాజా చంద్రుడికి అది నిజంగా బాగుంటుంది. పిట్టల దగ్గరే చిక్కు. 3000 అన్నది పెద్ద సెన్సరుండే ఫుల్ ఫ్రేమ్‌తో పోల్చి చెప్పే లెక్క, అసలు లెన్స్ 539 ఎంఎం. సెన్సర్ మన చిటికెన వేలి గోరంత ఉంటుంది.

ఈ సందర్భంలో ఒక లెక్క చెప్తా, మాస్టారికి నచ్చుతుంది. ఏ లెన్స్‌కైనా ఎంఎంని ఎఫ్ నెంబరుతో భాగిస్తే వెలుతురు దూరే కన్నం వ్యాసం వస్తుంది. ఒకే చోట నిలబడి ఒకే పిట్టని తీస్తే, ఆ పిట్ట నుంచి కెమెరాకి ఎంత వెలుతురు చేరుతుందన్నది ఆ కన్నం వైశాల్యాన్ని బట్టే ఉంటుంది.

మీ 70-300కి చివర్లో 300/5.6, అంటే 54 ఎంఎం. పిన్ని 100-400కి 400/8, 50 ఎంఎం. 200-500కి 500/5.6, 89 ఎంఎం. సిగ్మా, టామ్రన్ 150-600లకి 600/6.3, 95 ఎంఎం. అందుకే అవి అంత లావు, అంత బరువు. తేలిగ్గా ఉండి వెలుతురు కూడా ఎక్కువ లాగే లెన్స్ మన బడ్జెట్లో దొరకదు, మామూలుగా కన్నం చిన్నదైతేనే బరువు తగ్గుతుంది.

కొల్లేటి_గట్టు
ఇది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డానండీ! నాకు తెలిసిన భాషలో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అంటే నా 70-300 నుంచి 200-500కి పోతే వ్యాసాల నిష్పత్తి 5/3, వైశాల్యం 25/9. పిట్ట మీద 2.78 రెట్లు వెలుతురు. పిట్ట బొమ్మ కూడా సెన్సర్ మీద వైశాల్యంలో అన్నే రెట్లు. అదే బాడీ మీద!

ఎఫ్_ఎనిమిది
సరిగ్గా పట్టారు. బాడీ మారిస్తే ఈ 2.78 రాదు. డి7000 16 మెగాపిక్సెల్, డి7200 24 మెగాపిక్సెల్. పిట్ట మీద పడే పిక్సెళ్ళు వైశాల్యంలో ఒకటిన్నర రెట్లే, అడ్డంగా లెక్కేస్తే దాదాపు 22 శాతం పెరుగుతాయంతే.

ఓరుగల్లు_షట్టర్
లెక్క మంచిగుంది. నేను గూడ ఒప్పుకుంట. గానీ ఎగిరేటియి తియ్యాలంటె మల్ల నా తానికే రావాలె.

కొల్లేటి_గట్టు
పరీక్ష చేశా. రాసేటప్పుడు చేతులు వణుకుతున్నాయి.

పేపర్లో బంగారం ధరల పట్టీని తీసుకున్నా. ఫిల్టర్‌తో తీసిన దాంట్లో ప్రతి అంకెకీ పక్కన ఒక నీడ అంకె ఉంది, ఒకదాని మీద ఒకటి రెండుసార్లు అచ్చేసినట్టు. ఫిల్టర్ తీశాక 8కీ 6కీ తేడా తెలుస్తోంది, మధ్యలో దశాంశ చుక్క కూడా గుండ్రంగా కనబడుతోంది! ఎఫ్5.6 దగ్గర అంచులు కొంచెం మెత్తగా ఉన్నాయి, ఎఫ్8 దగ్గర ఇంకా బాగా తేలాయి. వ్యూఫైండర్‌కీ లైవ్ వ్యూకీ తేడా ఏం లేదు, ఫోకస్ బాగానే ఉంది.

పదేళ్ళు, పదేళ్ళపాటు ఆ 250 రూపాయల గాజులోంచి తీశా. 2016లో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వెళ్ళి తీసినవి కూడా దాంట్లోంచే. తల్చుకుంటే కడుపులో దేవినట్టుంది.

పాలపిట్ట77
బాధపడకండి మాస్టారూ. తేలినీలాపురానికి గూడబాతులు ఏటా వస్తూనే ఉన్నాయి. మళ్ళీ వెళ్దురు గాని.

తెనాలి_స్టూడియో
ఫిల్టర్ పారేయకండి. జల్లులో, సముద్రపు గాలిలో తీయాల్సి వచ్చినప్పుడు 18-105కి పనికొస్తుంది.

కొల్లేటి_గట్టు
ఆదివారం ఆరున్నరకే పడవెక్కా. ఫిల్టర్ లేదు, ఎస్ మోడ్, 1/1000, ఆటో ఐఎస్ఓ. గూడబాతు గొంతు సంచి మీద సన్నటి ఎర్ర నరాలు కనబడ్డాయి. గడ్డం కింద నీటి బొట్టు వేలాడుతుంటే అందులో తలకిందులుగా గట్టు మీది తాడిచెట్టు. నా కెమెరా నుంచి వచ్చిన ఫోటో ఇది. మా ఆవిడని నిద్ర లేపి చూపించా.

పదింటికి మళ్ళీ అక్కడే తీశా. అక్క చెప్పినట్టే ఊగుతోంది.

గాజుపిచ్చోడు
అదీ! మరి 60 వేలు బ్యాంకులో వేసేస్తారా?

కొల్లేటి_గట్టు
లేదు, లకుముకి ఇంకా చింతగింజే కదా. ఇప్పుడు మాత్రం లెన్సే అని తేలిపోయింది. ఏదన్నదే ప్రశ్న.

కొత్తకెమెరా_కుర్రాడు
నికాన్ ఏఎఫ్-పీ (కొత్త రకం ఫోకస్ మోటారుది) 70-300 చూడండి సార్, పాతదాని కంటే షార్ప్, సెకండ్ హ్యాండ్‌లో బాగా చవక.

ఎఫ్_ఎనిమిది
వద్దు వద్దు! ఏఎఫ్-పీ లెన్సులు డి7000 మీద పనిచేయవు తమ్ముడూ, ఫోకసే అవదు. డి7100, డి7200లకైనా ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసుకోవాలి. 200-500 అయితే అపెర్చర్ కరెంటుతో తిరిగే 'ఈ' (E) అక్షరం రకం, అది డి7000కి సరిపోతుంది. డి90, డి200 లాంటి పాతవాటికి మాత్రం అదీ కుదరదు. నికాన్ మౌంట్ 1959 నుంచి ఒకటే అని అంటారు గానీ లోపల ఇన్ని మెలికలున్నాయి. కొనేముందు నికాన్ వాళ్ళ పట్టిక చూసుకోవాల్సిందే.

నల్లమల_నడక
200-500, సిగ్మా 150-600 కాంటెంపరరీ రెండూ వాడా. సిగ్మా 1,930 గ్రాములు, కొంచెం తేలిక. 600 దాకా పోతుంది, కానీ అక్కడ ఎఫ్6.3. పొద్దున్నే అడవి నీడలో డి7000 లాంటి పాత బాడీకి 5.6 దగ్గర ఫోకస్ తొందరగా పడుతుంది. మీ వాడకానికి నా ఓటు 200-500కే. లెన్స్ వెనక బిగించి దూరం పెంచే 1.4 టెలీకన్వర్టర్ మాత్రం కొనొద్దు, ఎఫ్8 అయిపోతుంది, డి7000 చేతులెత్తేస్తుంది.

ఫ్లైట్‌లో_బావ
రేపెప్పుడో మిర్రర్‌లెస్ కొంటే ఈ లెన్స్ ఏం చేస్తారు?

ఎఫ్_ఎనిమిది
ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెడితే నికాన్ వాళ్ళ మిర్రర్‌లెస్ అయిన జెడ్ బాడీ మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది. జెడ్50 రెండో రకం 2024లో వచ్చింది, దాంట్లో పక్షుల్ని గుర్తుపట్టే మోడ్ ఉంది. రెండు మూడేళ్ళ తర్వాత అలాంటిది పాతబడి చవగ్గా దొరికితే అప్పుడు ఓరుగల్లు తమ్ముడి కోరికా తీరుతుంది. లోపల ఫోకస్ మోటారు లేని పాత డి రకం లెన్సులకి మాత్రం ఆ అడాప్టర్లో మోటారు లేదు, చేత్తో తిప్పుకోవాలి.

పిక్సెల్_పిన్ని
మాస్టారూ, నా మాట ఒక్కటి వినండి. కొనేముందు రెండు రోజులు అద్దెకి తెచ్చుకోండి. మూడు కిలోలు మీ చేతికి సరిపడతాయో లేదో మీ చెయ్యే చెప్పాలి. నేను ఆ పని చేయకే నష్టపోయా.

కొల్లేటి_గట్టు
పిన్నిగారి మాట విన్నా. విజయవాడలో రోజుకి 900 చొప్పున, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా.

మొదటి రోజు ఏడ్చినంత పనైంది. పిట్టని వెతికి పట్టుకునేసరికే అది ఎగిరిపోయేది. 500 దగ్గర గడ్డిపోచ కూడా గోడలా అడ్డం వస్తుంది. పడవలో నిలబడి పట్టుకుంటే పది నిమిషాలకే ఎడమ చెయ్యి మొద్దుబారింది. పడవ నడిపే అబ్బాయి "కూర్చుని మోకాలి మీద ఆనించండి సార్, అందరూ అట్టాగే తీత్తారు" అన్నాడు. రెండో రోజు అలాగే చేశా. ముందు 200 దగ్గర పిట్టని పట్టి, తర్వాత 500కి లాగడం అలవాటైంది.

ఆదివారం ఏడుంబావుకి రొయ్యల చెరువు పక్కన కర్ర మీద లకుముకి. 500, ఎఫ్5.6, 1/1250, ఐఎస్ఓ 1100. వీపు మీద నీలం ఒకే నీలం కాదని అప్పుడే చూశా. మధ్యలో మెరిసే గీత ఒక నీలం, రెక్క ఇంకో నీలం. ముక్కు మొదట్లో ఒక చేప పొలుసు అంటుకుని ఉంది.

చెయ్యి నొప్పి ఉంది. అయినా ఈ లెన్స్ కావాలి.

పాలపిట్ట77
ఆ పొలుసు చూడ్డానికే కదా మనం నాలుగింటికి లేచేది! ఒక చిట్కా. లకుముకి అయినా, మా పాలపిట్ట అయినా కూర్చున్నచోటికే మళ్ళీ వస్తుంది. పాలపిట్ట కరెంటు తీగ మీంచి నేల మీదికి దిగి పురుగుని పట్టుకుని మళ్ళీ అదే తీగెక్కుతుంది. దాని వెంట పడొద్దు. ఆ కర్రకి ఎండ ఎటు పడుతుందో చూసుకుని కదలకుండా కూర్చోండి. పది మీటర్ల పిట్ట అయిదు మీటర్లకి వస్తే 500 లెన్స్ 1000 అయినట్టే. గూళ్ళ దగ్గర మాత్రం ఈ పని చేయకూడదు, తల్లి పిల్లల్ని వదిలిపోతుంది.

కొల్లేటి_గట్టు
రాజమండ్రిలో ఒకాయన 200-500 అమ్ముతున్నారు, 48 వేలు. ఎల్లుండి చూడ్డానికి వెళ్తున్నా. ఏం చూడాలి?

తెనాలి_స్టూడియో
సెల్‌ఫోన్ టార్చి తీసుకెళ్ళండి. గది చీకటి చేసి, వెనక నుంచి వెలుతురు కొట్టి ముందు నుంచి ఏటవాలుగా చూడండి, తర్వాత అటుది ఇటు. దుమ్ము రేణువులుంటే ఫర్వాలేదు, వాటితో ఫోటో చెడదు. సాలెపురుగు దారాల్లా, చెట్టు వేళ్ళలా పాకి ఉంటే అది బూజు. గాజు మీది పూతని తినేస్తుంది. అది ఎంత చవకైనా వద్దు. మన కోస్తా గాలికి ఇది ప్రతి ఇంట్లో ఉన్న రోగం.

తర్వాత జూమ్ రింగ్ మొదటి నుంచి చివరిదాకా తిప్పండి, ఎక్కడా గరగరమనకూడదు. మీ కెమెరాకి పెట్టి 500 దగ్గర దగ్గరివీ దూరానివీ పది తీయండి. వీఆర్ ఆన్ చేసి వ్యూఫైండర్లో బొమ్మ నిలబడుతుందో లేదో చూడండి. మౌంట్ స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారని గుర్తు. బిల్లు అడగండి, బిల్లు మీద నెంబరూ లెన్స్ మీద నెంబరూ కలవాలి.

ఓరుగల్లు_షట్టర్
ఎవలన్న బాడీ కొనేటోళ్ళుంటె ఇది గూడ రాస్కోండ్రి. నికాన్ల అసలు జేపెగ్ ఫైలు చూస్తె షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో తెలుస్తది. డి7000, డి7200ల షట్టరు లక్షా యాభై వేల దాక, డి500ది రెండు లక్షల దాక పరీక్ష చేసిందని నికాన్ చెప్తది.

కొల్లేటి_గట్టు
రాజమండ్రిది వదిలేశా.

పెద్దాయన చాలా మర్యాదస్తులు, కాఫీ ఇచ్చారు. లెన్స్ తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచారు. బయటికి చూస్తే కొత్త పెళ్ళికొడుకులా ఉంది. టార్చి కొట్టి ఏటవాలుగా తిప్పేసరికి లోపలి మూడో గాజు అంచున తెల్లటి వేరు, దానికి పిల్లవేర్లు, వేలిగోరంత మేర. ఆయనకీ చూపించా. ఆయనకి నిజంగా తెలీదు. మూడేళ్ళుగా కంటి ఆపరేషన్ అయి బయటికి వెళ్ళలేదట. "ఒకప్పుడు దీంతో పులికాట్‌లో రాజహంసలు తీశానండీ" అని లెన్స్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వచ్చేస్తుంటే నాకు కాళ్ళు ఆడలేదు.

తెనాలి_స్టూడియో
ఆయన నెంబరు నాకు ఇక్కడ వద్దు, సందేశంలో పంపండి. అంచున ఉన్న బూజయితే శుభ్రం చేసే కుర్రాడు ఒకడు నాకు తెలుసు. పూత తినకపోతే లెన్స్ బతుకుతుంది. అమ్మకపోయినా ఆయన వాడుకుంటారు.

నల్లమల_నడక
తోలు సంచిలో ఎవరూ పెట్టకండి. తోలు తేమని పట్టి ఉంచుతుంది.

కొత్తకెమెరా_కుర్రాడు
బియ్యం డబ్బాలో పెడితే?

తెనాలి_స్టూడియో
బియ్యంలో వద్దు బాబూ, పిండి రేణువులు రింగుల్లోకి దూరుతాయి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా ఒకటి, అందులో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు. మీటరు 40కీ 50కీ మధ్య ఉండాలి. జెల్ రంగు మారితే మూకుడులో సన్న సెగ మీద వేడిచేసి మళ్ళీ వేసుకో. డబ్బులుంటే డ్రై క్యాబినెట్. అన్నిటికంటే మంచి మందు వారానికోసారి బయటికి తీసి వాడటం.

కొల్లేటి_గట్టు
దొరికింది. భీమవరంలో. 53 వేలు, బిల్లుతో. టార్చి పరీక్ష, పేపరు పరీక్ష, స్క్రూల పరీక్ష అన్నీ అయ్యాయి. దుమ్ము రేణువులు నాలుగున్నాయి, లెక్కపెట్టా. ఫిల్టర్ మాత్రం కొనలేదు!

మిగిలింది 5,200. డబ్బా, సిలికా జెల్, మీటరు 1,100. ఇక పెళ్ళికి తక్కువ వెలుతురులో తీసే 35 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ కొందామంటే సరిపోయేలా లేదు.

ఎఫ్_ఎనిమిది
35 ఎఫ్1.8 డీఎక్స్ మండపానికి అద్భుతంగా ఉంటుంది. మీ కిట్ లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్5.6. దానికీ ఎఫ్1.8కీ వెలుతురు దాదాపు పది రెట్లు తేడా, లెక్క మీరే చేసుకోండి. తలంబ్రాలప్పుడు ఫ్లాష్ లేకుండా తీయొచ్చు.

తెనాలి_స్టూడియో
నా దగ్గర 35 ఉంది మాస్టారూ. మా మనవడు పుట్టినప్పుడు కొన్నది. మాఘం దాకా ఖాళీగానే ఉంటుంది, తెనాలి వచ్చి పట్టుకెళ్ళండి. పెళ్ళయ్యాక ఇద్దురు గాని. వచ్చేటప్పుడు ఆ లకుముకి ఫోటో ఒకటి పెద్ద సైజులో ప్రింటు వేయించి తెండి, స్టూడియోలో పెడతా.

కొల్లేటి_గట్టు
బాబాయ్ గారూ, ఏం రాయాలో తెలియట్లేదు. శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నా. ప్రింటు 12x18 చాలా, ఇంకా పెద్దదా?

తెనాలి_స్టూడియో
16 మెగాపిక్సెల్‌కి 12x18 సుఖంగా వస్తుంది. ఎక్కువ కత్తిరించకండి. కర్ర కూడా ఉండాలి ఫోటోలో.

పిక్సెల్_పిన్ని
ఆ పొలుసు ఏ చేపదో ఎవరికైనా తెలిసిందా?

పాలపిట్ట77
పిన్నీ, దానికి వేరే చర్చ తెరువు. నాకూ తెలుసుకోవాలని ఉంది.